కాబు గుర్రం – పుట్టుపూర్వోత్తరాలు, గుణగణాలు



వ్యవసాయ విస్తరణాధికారి గుర్రాల గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి తోచవచ్చును. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన మన కె.కోటపాడు మండలంలోగాని, పక్కనున్న చోడవరంలోగాని రైతు మాట్లాడితే చెరకు గురించి, వరి గురించి, పాడి గురించే మాట్లాడతాడు. నిజమే. కాని ఇక్కడి నుంచి పడమటికి నడిస్తే దేవరాపల్లి, మాడుగుల దాటగానే కొండలు మొదలవుతాయి. రోడ్డు పడిన ఊళ్లకు ఆటోలు, జీపులు వచ్చాయి. రోడ్డు లేని ఊళ్లకు మాత్రం నేటికీ తట్టువే దిక్కు. పసుపు, పిప్పళ్లు, చింతపండు, కాఫీ గింజలు దాని వీపు మీదనే సంతకు దిగుతాయి. ఉప్పు, బియ్యం, నూనె దాని వీపు మీదనే ఇంటికి ఎక్కుతాయి. జబ్బు మనిషి దిగవలసి వస్తే డోలీ, లేకపోతే గుర్రం.

ఈ మధ్య కొండదిగువ పల్లెల్లో ఒక ప్రశ్న తరచుగా వినబడుతున్నది. "బావూ, ఇలాయితీ క్రాసు గుర్రమట, కాబు అంటన్నారు. మన గుర్రాలకి మూడింతల ధర సెప్తన్నాడు. కొనీమంతారా?" ఒక గుర్రం ధర చిన్న రైతుకు ఏడాదంతా మిగుల్చుకున్న సొమ్ముతో సమానం. కనుక ఆ సొమ్ము చేయి దాటకముందే ఈ కాబు అనేది ఏమిటో, దానిని ఎలా చూడాలో తెలుసుకుందాం.

మొట్టమొదట గ్రహించవలసినది, కాబు అనేది ఒక జాతి పేరు కాదు. అది ఒక వాటం పేరు. మనం "బండెద్దు" అంటాము. బండెద్దు ఒంగోలుది కావచ్చు, నాటుది కావచ్చు, రెండూ కలిసినది కావచ్చు. ఆ మాట దాని పనిని, ఒడ్డూపొడుగును చెబుతుంది గాని తల్లిదండ్రులను చెప్పదు. కాబు కూడా అంతే. ఇంగ్లండులో మోటార్లు రాకముందు పాలవాడి బండికీ, పల్లె వైద్యుడి స్వారీకీ, రైతు బస్తాలకూ, ఆదివారం చర్చికి పోవటానికీ ఒకే గుర్రం కావలసి వచ్చేది. ఎత్తు తక్కువ, ఒళ్లు దట్టం, కాళ్లు పొట్టి, గుణం నెమ్మది. అలాంటి దానిని కాబు అన్నారు. బరువైన నాగలి గుర్రాన్ని పొట్టి గుర్రంతోనో, సన్నని స్వారీ గుర్రంతోనో కలిపితే ఇలాంటివి పుట్టేవి. చాలా కాబులు ఈ విధంగా సంకరంగా పుట్టినవే.

అయితే కొన్నిచోట్ల తరాల తరబడి ఏరి పెంచగా కాబు జాతిగానే స్థిరపడింది. వేల్సు దేశపు కాబుకు 1901లో ఏర్పడిన సంఘం వంశావళి పుస్తకం నడుపుతూ వస్తున్నది. ఫ్రాన్సులో నార్మండీ కాబు కూడా అలాంటిదే. ఈ స్థిరపడిన జాతికీ, నిన్న పుట్టిన సంకరానికీ ఉన్న తేడా మీకు మొక్కజొన్నతో బాగా తెలుసును. హైబ్రిడ్ విత్తనం ఈ ఏడు బ్రహ్మాండంగా పండుతుంది. ఆ కండెలే దాచి మరుసటి ఏడు వేస్తే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. సంకర కాబు మంచిదైనా దాని పిల్లలన్నీ దానిలాగే పుడతాయని నమ్మకం లేదు. "దీని పిల్లలు కూడా ఇలాగే వస్తాయి, అమ్ముకోవచ్చు" అని చెప్పి ధర పెంచేవాడి మాట ఇక్కడే తేలిపోతుంది.

మనదేశం వాళ్లు సంకర గుర్రాన్ని ఎరుగనివారు కారు. పూర్వం నుంచీ మంచి గుర్రాలు మనకు సముద్రం మీద రావలసినవే. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో ఏనుగులను, గుర్రాలను తెచ్చే పరదేశపు వర్తకులను ఆదరించి దగ్గర చేసుకోమని రాజులకు చెప్పాడంటే అవి ఎంత విలువైన సరుకో ఊహించండి. 19వ శతాబ్దంలో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సు నుంచి మద్రాసుకూ, కలకత్తాకూ ఓడలలో వచ్చిన గుర్రాలను ఆ దేశం పేరు మీదనే "వేలరు" అన్నారు. అది శుద్ధమైన సంకరం. పందెపు గుర్రాల రక్తం, తిమోరు ద్వీపపు పొట్టిగుర్రాల రక్తం, బరువైన బండిగుర్రాల రక్తం కలిసి తయారైన జంతువు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే హోసూరులో 1824లో సైన్యం కోసం గుర్రాల క్షేత్రం పెట్టారు. తరువాత అది పశువుల క్షేత్రంగా మారింది. మన కోస్తా పట్టణాల్లో రైలు స్టేషను ఎదుట నిలబడిన జట్కాలను పెద్దవాళ్లు మరచిపోయి ఉండరు.

నేడు దేశంలో గుర్తింపు పొందిన గుర్రపు జాతులు మార్వారీ, కాఠియావాడీ, కచ్ఛీ–సింధీ, స్పితీ, జన్‌స్కారీ, భూటియా, మణిపురీ వగైరాలు. వీటిలో ఒక్కటీ ఆంధ్రదేశానిది కాదు. మన ఏజెన్సీ తట్టువకు వంశావళి లేదు, పేరు లేదు. ఇంచుమించు నాలుగడుగుల ఎత్తు, గట్టి గిట్టలు, రాళ్లలో తడబడని నడక, దొరికిన గడ్డితో బతకగల పొట్ట, ఇవే దాని ఆస్తి. దీనిని తక్కువగా చూడవద్దని నా మనవి. 2019 పశుగణనలో దేశమంతటా మిగిలిన గుర్రాలు, తట్టువలు కలిపి 3.4 లక్షలు మాత్రమే. 2012లో 6.25 లక్షలుండేవి. ఏడేళ్లలో నూటికి నలభై అయిదు వంతులు పోయాయి. గట్టి తట్టువ ఆడది ఇంట్లో ఉన్నవాడు దానిని అమ్ముకొని క్రాసు కొనాలనుకుంటే రెండుసార్లు ఆలోచించాలి.

ఇక కాబు లక్షణాలకు వద్దాం. ఇంగ్లండులో గుర్రం ఎత్తును "హ్యాండు"లతో కొలుస్తారు. హ్యాండు అంటే నాలుగంగుళాలు, దాదాపు మన బెత్తెడు. మూపు దగ్గర నేల నుంచి 58 అంగుళాలు దాటి 61 అంగుళాల లోపల ఉన్న దట్టమైన గుర్రం అక్కడి ప్రదర్శనలలో కాబు కింద లెక్క. కాని ఎత్తుకంటె ముఖ్యమైనది ఎముక. ముందుకాలి మోకాలి కిందుగా టేపు చుట్టి కొలిస్తే ఎనిమిదిన్నర అంగుళాలైనా ఉండాలి. బరువు మోసే రకానికి తొమ్మిది కావాలి. ఛాతీ లోతు, వీపు పొట్టి, నడుము వెడల్పు, వెనుక తొడలు బలిసి ఉండాలి. మోకాలికీ గిట్టకూ మధ్య భాగం పొట్టిగా ఉండాలి. తల నెమ్మదిగా, కళ్లు పెద్దవిగా, మనిషి దగ్గరకు వస్తే బెదరకుండా ఉండాలి. కాబుకు అసలైన గుణం ఈ నెమ్మదే. ముసలివాళ్లు, పిల్లలు కూడా పట్టుకోగలిగిన గుర్రమని దానికి పేరు.

(పూర్వం ఇంగ్లండులో కాబు అందంగా కనబడాలని తోక ఎముకతో సహా కత్తిరించేవారు. 1949లో అక్కడ చట్టం తెచ్చి మానిపించారు. జోరీగలు, దోమలు నిండిన మన మన్యంలో తోక లేని గుర్రం గతి ఏమిటో చెప్పనక్కర లేదు.)

లోపాలు కూడా చెప్పాలి గదా. బుజం నిటారుగా ఉన్న కాబు నడక కుదుపు. స్వారీ చేసేవాడికి నడుం నొప్పి, మూటకు రాపిడి. ఒళ్లు దట్టం కనుక వేడి తొందరగా బయటకు పోదు. మన వేసవిలో సన్నని గుర్రం కంటె ఇది ముందుగా డస్సిపోతుంది. కొన్ని కాబులకు మోకాలి కింద నుంచి గిట్టల దాకా పొడుగాటి జుట్టు వేలాడుతుంది. చలిదేశంలో అది శోభ. మన వర్షాకాలపు బురదలో ఆ జుట్టు కింద తడి ఆరక చర్మం పగిలి పుండవుతుంది. మరొక సంగతి, కాబు కొద్ది మేతతోనే ఒళ్లు చేస్తుంది. ఒళ్లు చేస్తున్నది కదా అని ఉలవలు, తవుడు దిట్టంగా పోస్తే గిట్టల లోపల వాపు పుట్టి గుర్రం అడుగు తీసి అడుగు వేయలేదు.

ఇప్పుడు అసలు లెక్క. ఎంత మోస్తుంది? సంతలో అమ్మేవాడు "రెండు బస్తాలేసినా కదల్దు" అంటాడు. మనం టేపు తీద్దాం. ముందుకాళ్ల వెనుకగా ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసుకోండి. దానిని దానితోనే హెచ్చవేయండి. వచ్చినదానిని బుజం కొన నుంచి పిర్ర కొన వరకు ఉన్న పొడవుతో హెచ్చవేసి 11,880తో భాగించండి. కిలోలలో గుర్రం బరువు వస్తుంది. చుట్టుకొలత 145, పొడవు 135 ఉన్న తట్టువ అనుకోండి. బరువు సుమారు 239 కిలోలు. గుర్రం తన బరువులో అయిదో వంతు మోస్తే నడుము చెడకుండా ఏళ్ల తరబడి పనిచేస్తుందని అనుభవజ్ఞుల లెక్క. అంటే జీనుతో, తాళ్లతో కలిపి 48 కిలోలు. మూటలు మోసే జంతువుల విషయమై 1965లో కేంద్ర ప్రభుత్వం చేసిన నిబంధనలలో తట్టువకు గరిష్ఠం 70 కిలోలు. ఇది ఎక్కువలో ఎక్కువ దాటరాని హద్దు. ప్రతి తట్టువ మీదా 70 వేయమని అర్థం కాదు.

అయిదో వంతు లెక్కన 70 కిలోలు మోయాలంటే 350 కిలోల గుర్రం కావాలి. కాబు వాటపు సంకర గుర్రం ఆ బరువుకు వస్తుంది. బాగానే ఉంది. కాని మేత మాటేమిటి? గుర్రానికి రోజుకు తన బరువులో నూటికి రెండు వంతుల ఎండుమేతైనా కావాలి. 240 కిలోల తట్టువకు దాదాపు 5 కిలోలు, 350 కిలోల దానికి 7 కిలోలు. ఇప్పుడు చూడండి, కిలో మేతకు మోసే బరువు రెండింటికీ ఇంచుమించు సమానమే! కాబు మేత విషయంలో మీకు ఏమీ మిగల్చదు. మిగిల్చేది మనిషి కూలి. మూడు తట్టువలను తోలే చోట రెండు గుర్రాలను తోలవచ్చు. బండి కట్టేచోట, చదును రోడ్డు మీద, నిజంగా కాబు వాటం లాభమే. చోడవరం వైపు చదును దారిలో బండికి కావాలంటే నేను వద్దనను. కొండ ఇరుకు దారిలో, వానకు జారే రాళ్ల మీద మాత్రం మూడింతల ధర పెట్టదగిన పని అది చేయదు. అక్కడ నా ఓటు తట్టువకే.

"అయితే మా ఆడ తట్టువకే ఒక పెద్ద మగగుర్రాన్ని కట్టిస్తే మాకే కాబు పుడుతుంది గదా" అని అడిగేవాళ్లున్నారు. తెలివైన ప్రశ్న. దీనికి జవాబు 1938లోనే దొరికింది. కేంబ్రిడ్జిలో వాల్టన్, హేమండ్ అనే శాస్త్రజ్ఞులు షైరు అనే భారీ గుర్రాన్నీ, మూడున్నర అడుగులు మించని షెట్లాండు పొట్టిగుర్రాన్నీ రెండు విధాలా కలిపారు. కొన్నింటికి తల్లి షైరు, తండ్రి షెట్లాండు. మరికొన్నింటికి తల్లి షెట్లాండు, తండ్రి షైరు. సహజంగా కుదరని జత కనుక కృత్రిమ గర్భధారణ చేయించారు. రెండు రకాల పిల్లలలోనూ రక్తం సగం సగమే. అయినా పెద్ద తల్లికి పుట్టిన పిల్ల, చిన్న తల్లికి పుట్టిన పిల్లకు ఇంచుమించు మూడింతలు తూగింది. పెద్దయ్యాక ఆ తేడా కొంత తగ్గిందే గాని పోలేదు.

మనవాళ్లు బీజం, క్షేత్రం అంటారు. గుర్రం విషయంలో క్షేత్రానికి అంత బలమున్నది. చిన్న తల్లి కడుపులో బీజం ఎంత పెద్దదైనా పిల్ల ఆ సంచికి తగినంతే పెరుగుతుంది. పైగా పెద్ద మగగుర్రం దాటితే చిన్న ఆడదానికి దెబ్బలు తగిలే అపాయం ఉన్నది. కాబట్టి కాబుకోసం పెద్ద మగదానికి డబ్బు పోయడం కంటె, ఉన్న తట్టువలలో పెద్దదీ, ఎముక గట్టిదీ అయిన ఆడదానిని ఎంచి, దానికంటె బెత్తెడు ఎత్తు మించని దిట్టమైన మగదానితో కలిపించడం మేలు. సైన్యం వారు హిమాలయ ప్రాంతాల్లో మోత పనికి తెప్పించినది కూడా హాఫ్లింగరు అనే పొట్టి, దట్టమైన ఆస్ట్రియా కొండగుర్రాన్నే గాని, ఆకాశమంత గుర్రాన్ని కాదు.

చూలు పదకొండు నెలలు. పిల్ల ఎక్కువగా పెరిగేది చివరి మూడు నెలలలోనే. ఆ మూడు నెలలూ ఆడదాని మీద మోత తగ్గించి, నానబెట్టిన ఉలవలు పూటకు కొద్దిగా పెట్టినవాడికి దక్కే ఫలితం, ఏ ఇలాయితీ మగగుర్రమూ ఇవ్వలేదు. ఊరి మందలో ఎముక సన్నని, కాళ్లు వంకర ఉన్న మగపిల్లలను పశువైద్యుని చేత విత్తులు తీయించండి. ఈ ఒక్క పని ఊరంతా కలిసి చేస్తే కొన్నేళ్లలో మంద వాటమే మారుతుంది. ఇది నేను చాలాచోట్ల చెబుతున్నాను. వినేవారు తక్కువ.

ఇంతా విని కూడా కొనదలచినవాడికి కొన్ని మాటలు. మన దేశంలో గుర్రాన్ని సుడులు చూసి కొనే అలవాటు పాతది. మనుమంచి భట్టు అనే కవి గుర్రాల లక్షణాల మీద తెలుగులో పద్యకావ్యమే రాశాడు. సుడి చూడదలిస్తే చూడండి, కాని దానికి ముందు నోరు చూడండి. ముందరి నడిమి పాలపళ్లు రెండున్నరేళ్లకు ఊడి కొత్తవి వస్తాయి. వాటి పక్కవి మూడున్నరకు, మూలవి నాలుగున్నరకు. అయిదేళ్లకు నోరు నిండుతుంది. నోరు నిండకముందే దిట్టమైన బరువు వేస్తే ఒళ్లు ఎంత దట్టంగా కనబడినా కీళ్లు చెడతాయి. పెళ్లి ఊరేగింపులలో వయసు మళ్లిన తెల్లగుర్రాన్ని "క్రాసు" అని అంటగట్టేవారూ ఉంటారు. పళ్లు ముందుకు పొడుచుకొని, పొడుగై, పైన గుంటలు అరిగిపోయి ఉంటే ఆ గుర్రం వయసు అమ్మేవాడు చెప్పినంత తక్కువ కాదు.

తరువాత గట్టినేల మీద నడిపించి, దుడుకు నడక నడిపించి చూడండి. ముందుకాలు నొప్పిగా ఉన్న గుర్రం ఆ కాలు నేలను తాకగానే తల పైకెత్తుతుంది. గిట్టలు చేతిలోకి తీసుకొని అడుగు చూడండి. పగుళ్లు, దుర్వాసన ఉండరాదు. వీపు మీద జీను కింద తెల్లవెంట్రుకల మచ్చలుంటే అవి అందం కాదు, పాత పుండ్ల గుర్తులు.

మేత విషయంలో పశువు అలవాటును గుర్రానికి అంటించవద్దు. గుర్రం నెమరు వేయదు, వాంతి చేసుకోలేదు. పొట్ట చిన్నది. బూజు పట్టిన గడ్డి పశువు అరిగించుకొంటుందేమో గాని గుర్రానికి శూల వచ్చి పూటలో పోవచ్చును. కొంచెం కొంచెంగా మూడు నాలుగు సార్లు పెట్టాలి. కోళ్లఫారాలున్న ఊళ్ల వారికి ఒక్క హెచ్చరిక, మిగిలిన కోళ్ల దాణా గుర్రానికి ఎన్నడూ పెట్టవద్దు. కోళ్ల దాణాలో కలిపే మొనెన్సిన్ అనే మందు గుర్రం గుండెకు విషం. కోడికి మేలు చేసే మోతాదే గుర్రాన్ని చంపగలదు.

పనివేళలు కూడా ఆ 1965 నిబంధనలలోనే ఉన్నాయి. రోజుకు తొమ్మిది గంటలకు మించరాదు, ఒక్కబిగిన అయిదు గంటలు దాటరాదు, 37 డిగ్రీలు మించిన ఎండలో మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పని చేయించరాదు. కాబు వాటపు దట్టమైన గుర్రానికి ఈ మూడో నియమం ప్రాణావసరం.

చివరగా జబ్బు. కొత్త గుర్రాన్ని తెచ్చిన రోజే పాతవాటితో కట్టివేయవద్దు. మూడు వారాలు వేరే చెట్టు కింద, వేరే నీళ్ల తొట్టితో ఉంచండి. జోరీగలు రక్తం ద్వారా అంటించే సర్రా జబ్బులో గుర్రం జ్వరం వచ్చి పోతూ చిక్కిపోతుంది, కాళ్లు, పొట్ట కింద వాపు వస్తుంది. దీనికి మందు ఉన్నది, వెంటనే చూపించాలి. ధనుర్వాతానికి టీకా తప్పక వేయించాలి. వీటన్నిటికంటె భయంకరమైనది గ్లాండర్సు. ముక్కులోంచి చిక్కని చీమిడి, ముక్కు లోపల పుండ్లు, కాళ్ల లోపలివైపు గొలుసుకట్టుగా గడ్డలు పగలడం దీని గుర్తులు. దీనికి టీకా లేదు. గుర్రం నుంచి మనిషికి కూడా అంటుతుంది, ప్రాణం తీస్తుంది. పరీక్షలో తేలిన జంతువును చట్టప్రకారం తొలగిస్తారు, యజమానికి ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తుంది. ఆ భయంతో దాచిపెట్టినవాడు ముందుగా తన ఇంటిపిల్లలనే అపాయంలో పెడుతున్నాడు.

అనుమానమున్న గుర్రం రక్తాన్ని మీ మండల పశువైద్యుడు తీసి పరీక్షకు పంపిస్తారు. హర్యానాలోని హిస్సారులో గుర్రాల కోసమే పెట్టిన జాతీయ పరిశోధనా కేంద్రంలో ఈ పరీక్ష చేస్తారు. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన గుర్రమైతే ఈ పరీక్ష కాగితం అడిగి, అందులోని రంగు, మచ్చలు, వయసు ఎదుట ఉన్న గుర్రంతో సరిపోయాయో లేదో చూసుకొని, ఆ తరువాతనే బయానా ఇవ్వండి.